గిన్నె దగ్గరికి వచ్చే చుట్టాలు

పూతకాలం, 1వ రోజు. పెట్టె లెక్క 1,640.

గుహ నోటి దగ్గర వినికిడి పెట్టెని తుడిచి, దాన్ని నడిపే ఎండ పలకకి పట్టిన పాకుడు గోకి, తీగ సరిచేశాను. సాయంత్రం జుర్రుపిట్టలు గుహలోంచి బయటికి పోయేటప్పుడు మన చెవికి అందని కూతలు వేస్తాయి. పెట్టె విని లెక్క చెబుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ లెక్క రాసుకోవడమే కొండమీది మా ఊరు ఏడో మిట్టలో నా పని. ఈ చిట్టా నా తర్వాత వచ్చే లెక్కల మనిషికి పనికొస్తుందట. అంత ఓపికున్న మనిషిని ముందు ఎవరినైనా కనమనండి.

జుర్రుపిట్ట అంటారు గానీ అది పిట్ట కాదు, గబ్బిలం. గుప్పెట్లో ఇమిడిపోయేంత గబ్బిలం. పిల్లకి పాలిచ్చేదాన్ని పట్టుకుని పిట్ట అంటారేమిటని మొదట్లో అందరితోనూ పోట్లాడేదాన్ని. నోరు నొప్పెట్టి మానేశాను.

పాత పుస్తకాల్లో దీని గురించి రెండే ముక్కలున్నాయి. తడి అడవుల్లో, గుహల్లో ఉంటుంది. అలవాట్లు సరిగా తెలియవు. అప్పటివాళ్లకి దాంతో అవసరం పడలేదు మరి. మాకు పడింది. మాకు తిండి పెట్టే గంజిచెట్టు పువ్వు మూడు వేళ్ల లోతు, లోపల ఒక మెలిక. తమ ఇత్తడి సూదుల యంత్రం తప్ప ఇంకేదీ లోపలికి దూరకూడదని విత్తనం అమ్మినవాళ్లు కావాలనే అలా తయారుచేశారు. సముద్రం పైకొచ్చినప్పుడు వాళ్లూ పోయారు, యంత్రాలూ పోయాయి. కొండమీద చెట్లు మిగిలాయి, కాయలు లేవు. ఆ కరువులో సగం మిట్ట పోయాక గుహలోంచి ఈ చిన్న జీవి వచ్చి, ఒళ్లంత పొడుగు నాలుక చాపి ఆ మెలికలో తేనె జుర్రుకుంది. మూతికి అంటిన పుప్పొడిని పక్క పువ్వుకి రాసింది. ఈ రోజు నూట పద్నాలుగు ఇళ్లలో తాగే గంజి దాని చలవే.

నూరు పువ్వుల కాడలకి ఎర్ర దారం కట్టాను. ఆరు రోజులకి వాటిలో ఎన్ని పిందె కట్టాయో చూస్తాను. ఏటా నలభైకి తగ్గవు.

4వ రోజు. 1,815.

లెక్క పెరిగిందని మిట్ట పెద్ద గౌరునాయుడు ఒకటే సంబరం. వరసకి తమ్ముడు, నా గుమ్మంలోకి వచ్చి మరీ అడిగాడు.

"దాలప్పా, పద్దెనిమిదొందలేటి! ఇంకా పెరుగుతాదా?"

"పెరుగుతాదనుకుంటన్నాను."

"అయితే గాదెలు సాలవు. కొత్తయి కట్టాల."

ఇరవై రెండేళ్లలో పెట్టె లెక్క పెరిగిన ప్రతి ఏడూ పంట బాగానే వచ్చింది. అందుకని మిట్టలో ఎవరూ చెట్టు వైపు చూడరు, పెట్టె లెక్కే అడుగుతారు. నాకూ సంతోషంగానే ఉంది, ఎందుకు దాచుకోవాలి.

సాయంత్రం గిన్నెల వేళకి వీధంతా సద్దుమణిగింది. నిరుటి జ్వరం ముప్పై ఎనిమిది మందిని తీసుకుపోయింది గదా, ఈ ఏడు కొన్ని ఇళ్ల చూరుకి మూడేసి గిన్నెలు వేలాడుతున్నాయి. పోయినవాళ్ల పేరున మట్టిగిన్నెలో గంజికాయ గుజ్జు కాచిన పాకం పోసి కడతారు. జుర్రుపిట్ట వచ్చి తాగితే "చుట్టం వచ్చింది" అంటారు. ఆ తర్వాతే ఇంట్లోవాళ్ల తిండి.

ఈ ఆచారం పుట్టించిన మహాతల్లిని నేనే. తొమ్మిదేళ్ల కిందట నా మొగుడు లచ్చన్న, వెదురుపుల్లతో పువ్వుకి పుప్పొడి తనే పెడతానని పందెం కాసి, గుజ్జుసారా పట్టించి, చెట్టెక్కి పడి చచ్చాడు. పదో రోజున వాడు తాగే గిన్నెలోనే పాకం పోసి చూరుకి కట్టి, "తాగరా, ఇంకా తాగు, తీరిందా నీ దాహం" అని తిట్టాను. ఒక జుర్రుపిట్ట వచ్చి తాగింది. ఎదురింటివాళ్లు చూసి కళ్లొత్తుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి గిన్నె లేని ఇల్లు లేదు.

7వ రోజు. 2,030.

మొదటి నూరు దారాలు చూశాను. నిలిచిన పిందెలు ఇరవై ఆరు.

లెక్క తప్పానేమోనని రెండోసారి చూశాను. ఇరవై ఆరే. పువ్వు బాగుంది, తేనె ఉంది, వాన లేదు. గబ్బిలాలు నిరుటి కన్నా ఎక్కువున్నాయి. అయినా పిందె లేదు. ఏదో గాలి దెబ్బ అనుకుని వచ్చేశాను.

దారిలో నా ఆడపడుచు పాపయ్యమ్మ ఎదురొచ్చింది. లచ్చన్నకి చెల్లెలు. దాని ఒక్కగానొక్క కూతురు ముత్యాలు, పదకొండేళ్లది, నిరుటి జ్వరంలోనే పోయింది. ఆ తర్వాత నాలుగు నెలలు పాపయ్యమ్మ మాట్లాడలేదు, తల దువ్వుకోలేదు. ఇప్పుడు మనిషి కాస్త తేరుకుంది.

"వదినా, నిన్న నా గుంట ముత్యాలు రెండుపాలొచ్చింది. తాగీసి ఎలిపోయి మళ్లీ వొచ్చింది. ఆకలేసుంటాది."

"ఉంటాది."

"గిన్నె పెద్దది సేసినాను. ఇయ్యాల నించి రెండు గరిటెలు పోస్తాను."

మంచిదే అన్నాను. ఏ మాటకా మాట, అది నవ్వగా చూసి ఏడాదైంది.

17వ రోజు. 2,210.

దారాలు పదకొండు.

పొద్దున్నే గుహలోకి వెళ్లాను. పూతకాలంలో గుహ నేలంతా పసుప్పచ్చగా పుప్పొడి పెంటతో మెత్తగా ఉంటుంది, కాళ్లకి అంటుకుని ఇంటిదాకా వస్తుంది. ఈసారి నేల నల్లగా, జిగటగా ఉంది. దీపం పైకెత్తి చూశాను. గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి, బొద్దుగా ఉన్నాయి, ఒక్కదాని రొమ్ము మీద కూడా పచ్చ లేదు. అన్నీ కడిగిన ముంతల్లా ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. నిరుటి దాకా ఇంటికో గిన్నె, గుక్కెడు పాకం; జ్వరం తర్వాత పోయిన ప్రతి మనిషికీ వేరే గిన్నె. మన వీధిలో రెండు వందల అరవై గిన్నెల నిండా పాకం ఉంటే అవి చెట్టు దాకా ఎందుకు పోతాయి? గుహలోంచి బయటపడి, వీధి తిరిగి, కడుపు నింపుకుని ఇంటికి పోతున్నాయి. పక్క మిట్టల గబ్బిలాలు కూడా ఇక్కడికే చేరుంటాయి, లెక్క అందుకే పెరిగింది. చుట్టాలని మేపుకుంటూ మేం కరువు పెంచుకుంటున్నాం.

తిన్నగా గౌరునాయుడి ఇంటికి వెళ్లాల్సినదాన్ని. వెళ్లలేదు. దారిలో పాపయ్యమ్మ గుమ్మం ఉంది. తలంటుకుని, పాచి పట్టకుండా గిన్నె తోముకుంటూ, ఏదో కూనిరాగం తీస్తోంది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

23వ రోజు. 2,280.

దారాలు ఆరు. రేపు చెబుతాను.

29వ రోజు. 2,310.

దారాలు రెండు. గుహ నేల మీద పిల్లలు పడున్నాయి, ఇంకా వెంట్రుక రానివి, తొంభై మూడు. తల్లులు కొవ్వెక్కి ఉన్నాయి గానీ పొదుగులు ఎండిపోయాయి. పాకంలో తీపి తప్ప ఏముంది? పాలు పట్టేది పుప్పొడితో. పువ్వుకి పోని తల్లికి పాలెక్కణ్ణించి వస్తాయి?

పన్నెండు రోజులు నోరు మూసుకున్నాను. ఇరవై రెండేళ్లు లెక్క రాసినదాన్ని, ఒక్క మనిషి ముఖం చూసి పన్నెండు రోజులు తినేశాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. చనిపోయిన పిల్లల్ని గోనెలో వేసుకుని గౌరునాయుడి గుమ్మంలో దింపాను.

31వ రోజు. 2,305.

సభ పెట్టారు. ఇంటికొకరు వచ్చారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"గిన్నెలు తీసెయ్యాల. ఇంటికాడ వొండి వొడ్డిస్తంటే మీరు కొండెక్కి దుంపలు తవ్వుకుంటారేటి? ఆటికీ అంతే. కడుపు నిండితే పువ్వుకాడికి ఎల్లవు. పువ్వుకాడికి ఎల్లకపోతే కాయ లేదు. కాయ లేకపోతే ఉప్పుగట్టుకి నడవాల్సిందే."

ఉప్పుగట్టు పేరెత్తితే మిట్టలో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేస్తారు. సముద్రం అంచున అడ్డకట్టలు కట్టే పని. పదేళ్ల కిందట వెళ్లిన నలభై కుటుంబాల కబురు ఇంతవరకూ రాలేదు. పాపయ్యమ్మ లేచింది.

"నా గుంటని ఆకల్తో పంపీమంటావా వదినా?"

"అది నీ గుంట కాదు పాపమ్మా. గబ్బిలం. ఈ ఆచారం ఎలాగ పుట్టిందో తెలుసా నీకు? మొదటి గిన్నె నాను బక్తితో కట్నేదు. తాగుబోతు సచ్చినోడా, ఇదీ తాగు అని మీ అన్నని తిట్టి కట్టినాను."

నవ్వుతారనుకున్నాను, కనీసం తిడతారనుకున్నాను. గౌరునాయుడు మెల్లగా అన్నాడు.

"నివ్వు తిట్టి కట్టినా ఆడు వొచ్చినాడు కదప్పా."

అందరూ తలూపారు. చివరికి గోనెలోని పిల్లల్ని నేలమీద వరసగా పేర్చి చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నారు. పూత అయ్యేదాకా గిన్నెలు కట్టకూడదని తీర్మానం.

32వ రోజు. 2,300.

ఇల్లిల్లూ తిరిగి గిన్నెలు విప్పించాను. కొందరు విప్పేముందు దండం పెట్టుకున్నారు, కొందరు క్షమించమని గిన్నెతోనే చెప్పుకున్నారు. పాపయ్యమ్మ చూరు గిన్నె విప్పి నా చేతికిచ్చింది. పెరటి వైపు చిన్న గిన్నె ఇంకోటి వేలాడుతోంది. నేను చూశానని అది చూసింది.

"ఒక్కటే వదినా. సిన్నది. ఒక్క గరిటె."

రెండు వేల మూడొందల్లో ఒక్కదానికి ఒక్క గరిటె. ఏం కొంప మునుగుతుందిలే అనుకుని మాట్లాడకుండా వచ్చేశాను.

38వ రోజు. 2,240.

గిన్నెలు తీసి ఆరు రోజులు. కొత్త దారాలు చూశాను. మూడు.

మూడేమిటి? పాకం లేక, పువ్వుకి పోక, ఇవి ఏం తిని బతుకుతున్నట్టు? చీకటి పడకముందే బయల్దేరి, వీధిలోంచి కాకుండా పెరళ్ల వెనక నుంచి నడిచాను. మొదటి ఇంట్లో కట్టెల గూడులో ఒక గిన్నె. రెండో ఇంట్లో కోళ్ల గంప కింద. మూడో ఇంట్లో అటక కిటికీకి. నాలుగో ఇంట్లో, అయిదో ఇంట్లో. అడిగితే అందరిదీ ఒకటే మాట, ఏదో సభలో కూడబలుక్కున్నట్టు. మాదొక్కటే కదా అప్పా అనుకున్నాం.

గౌరునాయుడి గిన్నె పశువుల శాల వెనక ఉంది. చేతిలో గరిటెతో దొరికాడు.

"పెద్దోడివి, నివ్వే ఇలాగ సేస్తే ఎలాగ?"

"మాయమ్మ దాలప్పా. కళ్లు కనపడవు దానికి. సీకట్లో పువ్వులు ఎతుక్కోమని ఎలాగ సెప్పీది?"

బతికున్నప్పుడు కళ్లు కనపడని ముసల్ది, చచ్చి గబ్బిలమయ్యాక కూడా కనపడదని వీడి బాధ. తిట్టడానికి నోరు తెరిచాను. నాకు పాపయ్యమ్మ పెరటి గిన్నె గుర్తొచ్చింది. వీళ్లని అనడానికి నాకేం అర్హత ఉంది? ముందు కళ్లు మూసుకున్నది నేనే.

39వ రోజు. 2,236.

తెల్లవారగానే రోకలి పట్టుకుని బయల్దేరాను. ఎవరినీ అడగలేదు. కట్టెల గూళ్లు, కోళ్ల గంపలు, అటకలు, పశువుల శాలలు వరసగా వెతికి గిన్నె కనపడ్డ చోటల్లా పగలగొట్టాను. ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టారు. ఒకాయన నా జుట్టు పట్టుకున్నాడు. గౌరునాయుడే విడిపించాడు గానీ నా ముఖం చూడలేదు. మధ్యాహ్నానికి నూట పన్నెండు ఇళ్లు అయ్యాయి, నాది పోను ఒక్కటి మిగిలింది.

పాపయ్యమ్మ పెరట్లో నిలబడి ఉంది, గిన్నె రెండు చేతులతో కడుపుకి అదుముకుని.

"ఇచ్చీ పాపమ్మా."

"సీకటి పడతాది. నా గుంట ఎక్కడికొస్తాది?"

"పువ్వుకాడికి ఎల్తాది."

"తెలీదు దానికి! మొదట్నించీ ఇక్కడే తాగింది. దారి ఎవులు సూపించినారు దానికి?"

చేతుల్లోంచి లాక్కున్నాను. లాక్కుని దాని కళ్ల ముందే రాయికేసి కొట్టాను. పాపయ్యమ్మ ఏడవలేదు. కిందపడ్డ పాకం కేసి చూస్తూ అంది.

"జ్వరం ఒకపాలి సంపింది. నివ్వు ఇంకోపాలి."

42వ రోజు. 1,105.

అది చెప్పిందే నిజమైంది. పోయిన ఏడు పుట్టినవాటికి పువ్వు తెలీదు. మూడు సాయంత్రాలు వీధిలోనే తిరిగాయి, చూరుల కింద, గిన్నెలుండే చోట గాలిలో నిలబడి నాలుకలు చాపుకుంటూ. తలుపులేసుకుని కూర్చున్నా రెక్కల చప్పుడు వినపడింది. పొద్దున్న గుమ్మాల ముందు పడున్నాయి.

ఎక్కడివక్కడ ఏరి నాలుగు వందల పన్నెండు కుప్ప పోశాను, మిగతావి ఏ పొదల్లో పడ్డాయో, ఏ మిట్టకి తిరిగిపోయాయో. ఊడ్చి గోతిలో వేద్దామనుకుంటే ఇళ్లలోంచి ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి చుట్టాన్ని వాళ్లు ఏరుకున్నారు. ఎలా గుర్తుపట్టారో నాకు తెలీదు. ఎవరూ ఎవరితోనూ పోటీ పడలేదు. పాత చీర ముక్కల్లో చుట్టుకుని, చెట్ల కింద గోతులు తవ్వి పూడ్చి, స్నానాలు చేశారు. గౌరునాయుడు ముసలిదానిలా ఉన్నదాన్ని ఒకటి వెతికి తీసుకున్నాడు. పాపయ్యమ్మ చాలాసేపు వెతికి, అన్నిటికన్నా చిన్నదాన్ని తీసి, పైటకొంగుతో మూతి తుడిచింది.

నేను దూరంగా నిలబడి లెక్క రాసుకున్నాను. సాయం పట్టమని నన్నెవరూ పిలవలేదు.

48వ రోజు. 640.

గుహలో దీపం ఎత్తాను. ఒకదాని రొమ్ము మీద పచ్చ. పక్కదాని మూతి మీద పచ్చ. మొత్తం గుత్తికి గుత్తే పసుపు పూసుకున్నట్టుంది. పాతవి, పువ్వు తెలిసినవి, వాటి వెనకే పోయిన కొన్ని కుర్రవి బతికాయి.

అక్కడే కూలబడి ఏడ్చాను. సంతోషమో ఏమిటో నాకు తెలీలేదు.

60వ రోజు. 655.

ఈ సాయంత్రం విచ్చే పువ్వులు లేవు. పూత అయిపోయింది. చివరి దారాలు నూటికి ముప్పై తొమ్మిది. అంటే నేను అన్నదంతా నిజమే. చివరి పన్నెండు రోజుల పువ్వులకే ఇంచుమించు మామూలుగా పిందె కట్టింది. కొండంతా తిరిగి పిందెలు లెక్కపెట్టాను. ముప్పై ఒక్క ఇళ్లకి ఏడాది గంజి.

ముప్పై ఒకటి. దాదాపు అంతా ఆ పన్నెండు రోజులదే. నేను పదిహేడో రోజు నుంచి నోరు మూసుకున్నదీ పన్నెండు రోజులే. ఆ లెక్క ఎలాగ చేసినా ఇంకో ముప్పై ఒక్క ఇళ్లు వస్తాయి. మధ్య పూత గనక ఇంకా ఎక్కువే రావచ్చు.

కాయకాలం, 9వ రోజు. 660.

కుండలో గంజిగింజలు వేసి ఇంటికొకటి తీశారు. నల్ల గింజ వచ్చిన ఇల్లు ఉండాలి, తెల్ల గింజ వచ్చినది ఉప్పుగట్టుకి నడవాలి. లెక్కల మనిషి గింజ తీయనక్కర్లేదట, ఆ ఇల్లు ఎప్పుడూ ఉండాలట. గౌరునాయుడికి తెల్లది వచ్చింది. కిక్కురుమనకుండా మూట కట్టుకున్నాడు.

పాపయ్యమ్మకీ తెల్లదే. రాత్రికి రాత్రి ఇల్లు ఊడ్చి, పొయ్యి అలికి కూర్చుంది, మళ్లీ వస్తానన్నట్టు. తెల్లవారి నేను వెళ్లాను. గిన్నె పగిలిన రోజు నుంచి నాతో మాట్లాడలేదు.

"పాపమ్మా, నా వొంతు నివ్వు తీసుకో. నీ బదులు నానెల్తాను."

"నివ్వుండు లెక్కలమ్మా. నివ్వు రాసుకోవాల కదా."

వదినా అనలేదు. దాచుకోలేక చెప్పేశాను. పదిహేడో రోజునే నాకు తెలుసని, గుహ నేల నల్లగా ఉండడం చూశానని.

"నీ దగ్గిరికే వొచ్చినాను. నివ్వు గిన్నె తోముకుంటా పాడుకుంటన్నావు. సెప్పలేకపోనాను. నీ మొకం సూసి పన్నెండు రోజులు ఊరుకున్నాను."

మూట ముడి వేస్తున్న చెయ్యి ఆగింది.

"నా మీద ఎట్టీకు."

"నీ మీద ఎట్టడం కాదు..."

"ఆ రోజు సెప్పుంటే ఏడ్సుండేదాన్ని. నాలుగు రోజులు ఏడ్సి, గిన్నె నానే తీసీదాన్ని. నాకు తెలీదేటి, గబ్బిలమని? నా సేతుల్తో పూడ్సుకున్నాను కదా నా పిల్లని." మూట నెత్తికెత్తుకుంది. "గంజి లేకపోతే ఈ గుంటలందరూ సచ్చిపోతారని నివ్వు నాతో ఒక్క మాట సెప్పుంటే నాను ఇననా? అంత పాపిష్టిదాన్లాగ కనపడ్డానేటి నీకు?"

ఎనభై మూడు ఇళ్లవాళ్లు వరసగా కొండ దిగారు. మలుపు తిరిగేదాకా చూశాను. అది వెనక్కి తిరగలేదు.

కాయకాలం, 31వ రోజు. 672.

పెట్టె తుడిచాను. ఎండ పలక గోకాను. మొదటి కాయలు దించి, ఎండబెట్టి, దంచి ఇంటికింత చొప్పున పంచుకున్నాం. వీధిలో వరసగా ఎనిమిది ఖాళీ ఇళ్లకి తలుపులు లేవు, కట్టెలకి విప్పుకున్నారు. ఉప్పుగట్టు నుంచి కబురు లేదు.

గంజి కాచుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత చిక్కగా, గరిటె నిలబడేలా వచ్చింది. తాగబుద్ధి కాలేదు. తాగాను.